పోలిపాడ్యమినాటి పులుసు

కార్తికమాస మంతయు ఉల్లిని వర్జించిన గృహస్థు, అమావాస్య గడచి పోలిపాడ్యమినాటి వేకువను అరటిదొప్పలలో దీపములను నీట విడిచి యింటికి మరలి, ఉల్లిపులుసు వాసనకు మొగము వికసింప విస్తరిముందు గూర్చుండినచో, వాని వైరాగ్యము నెలకే చెల్లినదని నవ్వువారు గలరు, నేను నవ్వజాలను. తైత్తిరీయోపనిషత్తునందలి యానందమీమాంస, బ్రహ్మానందమును గణింపబూని, ప్రథమమానముగా గైకొన్నది విద్యయు, యౌవనమును, దేహదార్ఢ్యమును, విత్తపూర్ణమగు భూమియు గల మనుష్యుని సుఖమునే. అటుపిమ్మట దానిని నూఱేసి రెట్లుగా హెచ్చించుచు, ఆ పైమెట్లన్నిటను కామహతుడు గాని శ్రోత్రియునకును ఆ యానందము గలదన్నది. కావున రుచి నెఱుగుట దోషము గాదు, రుచిచే హతుడగుటయే దోషము. ఈ దృష్టితో జూడ, నెలనాళ్లు విడిచి యుండగలిగిన యుల్లికంటె, ఒక్క యుదయము తప్పినచో తలనొప్పి దెచ్చి యింటిల్లిపాదిపైనను విసుగు పుట్టించు కాఫీయే విచారణీయము. ప్రాచీనులు దాని నెఱుగకపోవుటచే గాబోలు, కార్తికనిషిద్ధములలో దానిపేరు చేరలేదు.