ఆన్స్ కఫార్‌లో ఫోటో దిగొచ్చా?

మార్టినీక్ దీవి దక్షిణ తీరంలో, లె డియామాన్ ఊరి దగ్గర, సముద్రానికి ఎదురుగా ఉన్న గడ్డి వాలు మీద 15 తెల్లటి విగ్రహాలుంటాయి. ఒక్కోటి దాదాపు రెండున్నర మీటర్ల ఎత్తు. తలలు వంచుకుని, చేతులు వేలాడేసుకుని, సముద్రం వైపు తిరిగి నిలబడి ఉంటాయి. 1830 ఏప్రిల్ 8 రాత్రి, ఆఫ్రికా నుంచి బానిసల్ని దొంగతనంగా తెస్తున్న ఓడ ఒకటి ఇక్కడి రాళ్ళకి కొట్టుకుని ముక్కలైంది. మార్టినీక్‌లో బానిసత్వం రద్దయి 150 ఏళ్ళయిన సందర్భంగా, 1998లో లోరాన్ వలేర్ అనే శిల్పి వీటిని చేశాడు. అన్నీ 110 డిగ్రీల దిక్కున గినీ సింధుశాఖ వైపు చూస్తాయి. ఆ దీవుల్లో తెలుపు సంతాపం రంగు. ఆ ఒక్క సంగతి మాత్రం మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

క్రూజ్ ఓడ పొద్దున ఫోర్ ద ఫ్రాన్స్ రేవులో ఆగి సాయంత్రం వెళ్ళిపోతుంది. మధ్యలో దొరికే ఆ కాసిన్ని గంటల్లో తీరం చూసొద్దామని మా మూడు కుటుంబాలూ కలిసి ఒక వ్యాన్ మాట్లాడుకున్నాం. విగ్రహాల దగ్గర దిగీ దిగగానే మా మేనకోడలు వాటి మధ్య దాగుడుమూతలు మొదలెట్టింది. "ఏయ్, ఇటు రా! అది ఆడుకునే చోటు కాదు," అని వదిన కేకేసింది. డ్రైవరు ఆ ఊరివాడే. పర్లేదండీ, మా పిల్లలూ ఇక్కడే ఆడతారు అన్నాడు. ఈలోగా మా బావ వాటి ముందు నిలబడి నవ్వుతూ సెల్ఫీ తీసుకున్నాడు. వ్యాన్ ఎక్కాక వాదన మొదలైంది. అలా నవ్వడం తప్పని వదిన. "నేను ఏడిస్తే వాళ్ళకేం ఒరుగుతుందే?" అని బావ.

ఇద్దరూ మొహం గురించే మాట్లాడుతున్నారని నాకనిపించింది. గంభీరంగా మొహం పెట్టడం చాలా చవకైన పని. రెండు నిమిషాలు తల వంచుకుంటే బాకీ తీరిపోయిందనుకుంటాం, ఆ తర్వాత ఐస్‌క్రీమ్ ఎక్కడ దొరుకుతుందని వెతుక్కుంటాం. అలాగని బావ చెప్పింది కూడా సగమే నిజం. చనిపోయినవాళ్ళకి మన వల్ల ఒరిగేదేం లేదు, ఒప్పుకుంటాను. కానీ ఆ చోటు మననుంచి కన్నీళ్ళు అడుగుతోందని ఎవరన్నారు? తెలుసుకోమని అడుగుతోందేమో. తెలుసుకోవడం కన్నీళ్ళ కంటే కష్టం. పైగా అది ఫోటోలో పడదు.

తెలుసుకోవలసినవేమిటంటే, ఆ విగ్రహాల ముందు నిలబడితే సముద్రంలో నల్లగా పెద్ద రాతిగుట్ట ఒకటి కనిపిస్తుంది, డైమండ్ రాక్. 1804లో బ్రిటిష్ నౌకాదళం దాన్ని ఆక్రమించి, పైకి ఫిరంగులెక్కించి, తమ యుద్ధనౌకల జాబితాలో ఒక నౌకగా రాసుకుంది. మరుసటేడు ఫ్రెంచివాళ్ళు తిరిగి పట్టుకునేదాకా ఆ రాయి కాగితాల మీద ఓడే. దాని ఎదురుగా పాతికేళ్ళ తర్వాత బద్దలైన నిజమైన ఓడకి మాత్రం పేరు లేదు. ఒడ్డుకి కొట్టుకొచ్చిన శవాల్లో తెల్ల నావికుల్ని స్మశానంలో పూడ్చారు. నల్లవాళ్ళని తీరానికి కాస్త ఎడంగా, విడిగా పూడ్చారు. పూడ్చినవాళ్ళలో దుర్మార్గులే ఉండి ఉంటారని నేననుకోను. శవాలు కుళ్ళకముందే మట్టి చెయ్యాలని తొందరపడ్డ మామూలు మనుషులు కూడా ఉండుంటారు. నన్ను ఎక్కువ కలవరపెట్టేది అదే.

బతికి బయటపడ్డ 80 పైచిలుకు మంది సంగతి ఇంకా చిత్రం. 1818లోనే ఫ్రాన్స్ బానిసల వ్యాపారాన్ని నిషేధించింది, కాబట్టి వీళ్ళు చట్టప్రకారం బానిసలు కారు. బానిసత్వం మాత్రం 1848 దాకా నడిచింది. స్వేచ్ఛగా తిరిగే నల్లవాళ్ళ గుంపు తోటల మధ్య ఉండటం యజమానులకి గిట్టదు. ఇటు బానిసలూ కాదు, అటు స్వతంత్రులూ కాదు. చివరికి మళ్ళీ ఓడెక్కించి కయేన్ పంపేశారు.

మధ్యాహ్నం భోజనంలో కొలంబో అనే కోడికూర పెట్టారు. ధనియాలు, జీలకర్ర, పసుపు, మెంతులు, ఆవాలు. "ఇది మన కూరేగా!" అంది వదిన, ఆ రోజంతటికీ మొదటిసారి మొహం విప్పారి. ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. బానిసత్వం రద్దయిన ఐదేళ్ళకి, 1853లో, ఒరేలీ అనే ఓడ దక్షిణాది కూలీల్ని ఈ దీవికి తెచ్చింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు పుదుచ్చేరి, కారైకాల్ రేవుల నుంచి ఎక్కువగా తమిళులు ఒప్పందాల మీద వేలిముద్రలేసి, అవే చెరకుతోటల్లోకి వచ్చిపడ్డారు. వాళ్ళు ఒదిలిన జాడల్లో ఈ మసాలా ఒకటి.

అది చెప్పగానే వ్యాన్‌లో అందరూ ఒక్కసారిగా మెత్తబడ్డారు. "అయ్యో, మనవాళ్ళే," అన్నాడు బావ కూడా. నాకు సంతోషమూ వేసింది, కాస్త ఇబ్బందీ వేసింది. పొద్దున ఆ విగ్రహాల దగ్గర పుట్టని జాలి, ధనియాల వాసన తగలగానే పుట్టిందంటే అది దేనిమీద జాలి? మన రక్తం ఉన్నచోటే మనసు కరిగితే దాన్ని నీతి అనాలా, బంధుప్రీతి అనాలా? బంధుప్రీతి తలుపు లాంటిది, అందులోంచే అవతలికి వెళ్ళాలి అని వాదించేవాళ్ళున్నారు. కావచ్చు. కానీ తలుపు దగ్గరే చాప పరుచుక్కూర్చున్నవాళ్ళనే నేనెక్కువ చూశాను. పైగా ఒప్పందపు కూలీల కష్టాన్ని తలుచుకునేటప్పుడు, వాళ్ళని తెప్పించిందే విడుదలైన నల్లవాళ్ళ కూలి పెరక్కుండా ఉండటానికి అన్న సంగతిని మనం తేలిగ్గా దాటేస్తాం.

సాయంత్రానికి సాలీన్ బీచ్ చేరాం. అక్కడ కొన్ని చెట్ల మొదళ్ళకి ఎర్రరంగు పట్టీలు వేసి ఉంటాయి. అవి మాన్సినీల్ చెట్లు. పాలు తగిలితే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది, వానొస్తే కింద నిలబడొద్దని డ్రైవరు రెండుసార్లు చెప్పాడు. కొబ్బరిచెట్లు, తెల్లటి ఇసుక, గోరువెచ్చటి నీళ్ళు. ఇంత అందం చూసి సిగ్గుపడాలా అని కాసేపు ఆలోచించాను. పక్కనే అక్కడి కుటుంబమొకటి, నలుగురైదుగురు పిల్లలతో, గొడుగు పాతుకుని, డబ్బాల్లో తెచ్చుకున్న అన్నం తింటోంది. ఆ తీరం వాళ్ళది. వాళ్ళు ఆ పగలంతా దుఃఖపడుతూ కూర్చోలేదు. నేనూ నీళ్ళలోకి దిగి, వ్యాన్ హారన్ కొట్టేదాకా ఈదాను.