దారి ఇస్తే ఊరు ఇచ్చినట్టా?

బండి చక్రం ఒకే చోట మళ్లీ మళ్లీ తిరిగితే నేలలో పడే లోతైన చారను మనం గాడి అంటాం. వానాకాలం బురదలో పడిన గాడి ఎండకు గట్టిపడుతుంది, మరుసటి వానకు చెరిగిపోతుంది. అమెరికాలో చెరగని గాడి ఒకటుంది. వయోమింగ్ రాష్ట్రంలో గెర్న్‌సీ అనే చిన్న ఊరి పక్కన, నార్త్ ప్లాట్ నదికి దక్షిణపు గట్టు మీద, ఇసుకరాయిలో పడింది. కొన్నిచోట్ల అయిదడుగుల లోతు. దాన్ని 1966లో అక్కడి ప్రభుత్వం జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించింది. జనం దిగువన కార్లు ఆపి, గట్టెక్కి, ఆ గాడిలో కాసేపు నడిచి, రాయిని చేత్తో తడిమి చూసి వస్తారు.

పాత దారి జాడ చూడటానికి నడిచి వెళ్లడం మంచి పనే. పుస్తకంలో చదివినదానికంటే కాళ్లతో తెలుసుకున్నది ఎక్కువ కాలం నిలుస్తుంది. అయితే ఆ గాడిలో నిలబడినవాడికి ఏం కనిపించాలి? ఆదివాసులుగా మనకు ఈ ప్రశ్న దూరపుది కాదు.

ఆ దారిని ఓరెగాన్ ట్రైల్ అంటారు. మిస్సోరీ నది దగ్గర మొదలై పడమటి వైపు ఓరెగాన్ దాకా దాదాపు 3,500 కిలోమీటర్లు. 1840ల నుంచి 1869లో రైలు మార్గం పూర్తయ్యేదాకా ఈ దారినా, దీని నుంచి చీలిన దారులనా మూడు నాలుగు లక్షల మంది వెళ్లారని అంచనా. బండ్లను ఎక్కువగా ఎద్దులే లాగాయి. బండి నిండా పిండి బస్తాలు, పనిముట్లు, పరుపులు ఉండేవి. అందుకని ఆడవాళ్లు, పిల్లలు కూడా చాలామటుకు బండి పక్కన నడిచే పోయారు. రోజుకు పాతిక కిలోమీటర్లు నడిస్తే గొప్ప. నాలుగైదు నెలల ప్రయాణం. కలరాతో పోయినవాళ్లను దారి పక్కనే పూడ్చి మళ్లీ బండి కట్టేవాళ్లు. ఎక్కువమంది మామూలు రైతు కుటుంబాలవాళ్లే. వాళ్ల కష్టాన్ని మనం చిన్నబుచ్చనక్కర్లేదు. తలమీద మూట, చంకలో బిడ్డతో కొండ దిగి సంతకు నడిచేవాళ్లకు ఆ నడక ఎలాంటిదో ఒకరు చెప్పాలా?

కాని ఆ నేల ఖాళీగా లేదు. లకోటా, షయాన్, అరాపహో జనాలు వేటాడుకుని బతికే నేల అది. బండ్ల వెంట వచ్చిన పశువులు నది ఒడ్డున గడ్డి మేసేశాయి. ఉన్న కాసిని చెట్లూ పొయ్యిలోకి పోయాయి. అడవిదున్నల మందలు ఆ లోయను వదిలి దూరం జరిగాయి. 1849లో దారి వెంట వచ్చిన కలరా షయాన్ జనంలో పెద్ద భాగాన్ని తీసుకుపోయింది. బండి మీద పోయేవాడు మాత్రం ఏమనుకున్నాడు? నేను దారిన పోయేవాణ్ణి, ఇక్కడ ఉండిపోయేవాణ్ణి కాదు, నా బండి ఒక్కటి పోతే ఎవరికేం నష్టం అనుకున్నాడు. అతని మాటలో అబద్ధం లేదు. ఒక్క బండి పోతే రాయి అరగదు. ఒక్కో చక్రం వెంట్రుకవాసి కూడా తియ్యలేదు. కాని గాడి అయిదడుగులు దిగింది. ఏ ఒక్కడూ చెయ్యని పని అందరూ కలిసి చేసినప్పుడు ఆ తప్పు ఎవరిది? ఎవరిదీ కాదనడం సులువు. మేమైతే అలా అనలేం. ముందరి బండి గాడి కళ్లెదుట కనిపిస్తున్నప్పుడు, నాది ఒక్కటే కదా అనే మాటకు బలం ఉండదు. వెయ్యో బండివాడికి తను వెయ్యోవాడినని తెలుసు.

1851 సెప్టెంబరులో ఫోర్ట్ లారమీ ఒప్పందం జరిగింది. దాదాపు పదివేల మంది ఆదివాసులు కూడారు. బండ్లను పోనిస్తాం, రోడ్లూ సైనిక స్థావరాలూ పెట్టుకోనిస్తాం అని వాళ్లు ఒప్పుకున్నారు. బదులుగా ఏడాదికి 50,000 డాలర్ల విలువైన సరుకులు 50 ఏళ్లు ఇస్తామని ప్రభుత్వం మాటిచ్చింది. తర్వాత అక్కడి సెనేట్ ఆ 50 ఏళ్లను 10కి కుదించింది. వాళ్లు ఒప్పుకున్నది దారి ఇవ్వడానికి. అవతలివాళ్లు రాసుకున్నది వేరు.

మూడేళ్లకే, 1854 ఆగస్టులో, బండ్ల గుంపు నుంచి తప్పిపోయిన ఒక ఆవు లకోటా గూడెంలోకి వచ్చింది. అక్కడివాడొకడు దాన్ని చంపాడు. పెద్దమనిషి కాంకరింగ్ బేర్ పరిహారం ఇస్తామన్నాడు. పశువుల తగాదాకు పెద్దలు కూర్చుని తప్పు కట్టించడం మన గూడేల్లోనూ ఉన్నదే. ఆవు గలవాడు ఒప్పుకోలేదు. సైన్యాధికారి గ్రాటన్ ఇరవై తొమ్మిది మంది సిపాయిలతో, ఫిరంగులతో గూడెం మీదికి వచ్చాడు. కాల్పుల్లో కాంకరింగ్ బేర్‌కు ప్రాణం మీదికి వచ్చే దెబ్బ తగిలింది. అధికారీ సిపాయిలూ ఒక్కరూ మిగల్లేదు. మరుసటి ఏడు సైన్యం పగ తీర్చుకోవడానికి వచ్చి బ్లూ వాటర్ వాగు దగ్గర ఎనభై మందికి పైగా లకోటాలను చంపింది, అందులో ఆడవాళ్లూ పిల్లలూ ఉన్నారు. దారిన పోయేవాడి ఆవుకు ఊరి పెద్ద ప్రాణం కంటే ఎక్కువ వెల కట్టారు. దారి ఇవ్వడం దగ్గర మొదలైన వ్యవహారం మూడేళ్లలో అక్కడికి చేరింది.

ఇంకో బండిదారి కథ కూడా పిల్లలకు చెప్పాలి, ఎందుకంటే అది మూతపడింది. మోంటానా బంగారం కోసం 1863 ప్రాంతంలో ఓరెగాన్ దారి నుంచి ఉత్తరానికి బోజ్‌మన్ దారి చీల్చారు. ఈసారి లకోటాలు దారి ఇవ్వలేదు. రెడ్ క్లౌడ్ నాయకత్వంలో 1866 నుంచి 1868 దాకా పోరాడారు. ప్రభుత్వం ఆ దారి మీది కోటలను ఖాళీ చేసి వెళ్లిపోయింది. 1868 ఒప్పందంలో బ్లాక్ హిల్స్ కొండలు లకోటాలవే అని రాశారు. 1874లో అక్కడా బంగారం కనిపించింది. 1877లో కొండలు లాక్కున్నారు. 1980లో అక్కడి సుప్రీంకోర్టు అది అన్యాయమని తేల్చి, పది కోట్ల డాలర్లకు పైగా పరిహారం ఖాయం చేసింది. లకోటాలు ఆ సొమ్ము ముట్టలేదు. వడ్డీతో పెరిగి వంద కోట్ల డాలర్లు దాటినా ముట్టలేదు. పేదరికంలో ఉండి కూడా. సొమ్ము తీసుకుంటే కొండలు అమ్మినట్టే అవుతుందన్నది వాళ్ల మాట.

ఇప్పుడు మన ఘాటు రోడ్ల దగ్గరికి వద్దాం. అమెరికాలో పైవాళ్లు వచ్చి తమ బండ్లతో గాడి వేశారు. మన్యంలో దారిని మన తాతల చేతే కొట్టించారు. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వైపు రోడ్డు వేయించినప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్లను బలవంతంగా పనికి దించి, రావలసిన కూలి కూడా సరిగా ఇవ్వలేదు. అప్పటికే 1882 మద్రాసు అటవీ చట్టం పోడును కట్టేసింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద జరిగిన దాడి గురించి మన పాఠాల్లో ఉంటుంది. దాని వెనకున్న ఈ రోడ్డు కూలి గురించి రెండు మాటలుంటే ఎక్కువ. ఆ సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర స్కాట్ కవర్డ్, హేటర్ అనే ఇద్దరు పోలీసు అధికారులు చనిపోయింది కొండదారిలో. రోడ్డు ప్రభుత్వానిది, కాలిబాట మనది. ఆ రోజుల్లో ఈ తేడా చావుబతుకుల తేడా.

అలాగని మనం రోడ్డు వద్దనే జనమా? డోలీ కట్టి, నొప్పులు పడుతున్న ఆడమనిషిని భుజాల మీద మోసుకుంటూ వాగులు దాటేవాళ్లను అడగండి. రోడ్డు చెడ్డదని కొండ కింద కూర్చుని రాసేవాళ్లతో మాకు పేచీ ఉంది. రోడ్డు లేక బిడ్డ దారిలోనే పోతే, ఆ పచ్చటి అడవి ఎవరి కోసం? రోడ్డు వెంట అంబులెన్సూ వస్తుంది, దాని వెనకే భూమి మీద కన్నేసినవాడూ వస్తాడు. మొదటిది కావాలంటే రెండోదాన్నీ మోయాల్సిందే అని ఎవరైనా అంటే, అది 1851లో లకోటాలతో అన్న మాటే. మనకు 1/70 చట్టం ఉంది, పీసా చట్టం ఉంది, గ్రామసభ ఉంది. దారికి ఒప్పుకుని భూమికి ఒప్పుకోకుండా ఉండే హక్కు కాగితం మీద మనకుంది. లకోటాలకూ కాగితం ఉండేది. అందుకే గ్రామసభలో రోడ్డు తీర్మానం మీద వేలిముద్ర వేసేముందు, ఈ రోడ్డు ఎక్కడిదాకా, దేనికి, దీని పక్క భూమి సంగతేమిటి అని చదువుకున్న పిల్లలు లేచి అడగాలి. మొహమాటపడే చోటు కాదది.

చలికాలంలో లంబసింగి మంచు చూడటానికి వేలమంది ఇదే ఘాటు ఎక్కి వస్తున్నారు. మన కుర్రాళ్లు కొందరు గుడారాలు అద్దెకిస్తున్నారు, దారి చూపిస్తున్నారు. నాలుగు డబ్బులు రావడం మంచిదే. వచ్చినవాళ్లు కూడా దారిన పోయేవాళ్లే, ఒక్కొక్కరూ మంచివాళ్లే. ఒక్కొక్కరూ ఒక్క ప్లాస్టిక్ సీసానే పారేస్తారు. వాళ్లకు మంచుతో పాటు ఈ రోడ్డు ఎవరు కొట్టారో కూడా చెప్పే కుర్రాడు ఒక్కడైనా ఉండాలి. నచ్చనివాళ్లు వినరు, పోనీ.

గెర్న్‌సీకి కొద్ది దూరంలో రెజిస్టర్ క్లిఫ్ అనే బండ ఉంది. దారిన పోయినవాళ్లు తమ పేర్లూ తేదీలూ దాని మీద చెక్కుకున్నారు, ఇప్పటికీ చదవచ్చు. మన ఘాటు కొట్టినవాళ్లు తమ పేర్లు చెక్కుకోలేదు. చెక్కే అక్షరం వాళ్లకు ఎవరూ నేర్పలేదు. ఏ ముఠా వాళ్లను ఏ మలుపు దగ్గర పనిలో పెట్టారో, రోడ్డు రాకముందు కాలిబాట ఏ వాగు పక్కగా ఎక్కేదో తాతలు చెప్పగా విన్న ముసలివాళ్లు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. ఈ ఎండాకాలం సెలవుల్లో ఏడు ఎనిమిది తరగతుల పిల్లల్ని వాళ్ల దగ్గరికి తీసుకుపోయి, వాళ్లు చూపించిన చోట నడిపించి, విన్నది నోటుబుక్కులో రాయించగలిగే టీచర్లు మన ఏజెన్సీలో చాలామందే ఉన్నారు. కొండ ఎక్కలేని ముసలివాళ్లు ఇంటి అరుగు మీద కూర్చునే వేలు పెట్టి చూపిస్తారు, అటు పనసచెట్టు, ఇటు వాగు అని.