మౌనం కూడా మోసమేనా?

నోటితో అబద్ధం పలకకపోతే చాలు, సత్యవంతులమేనని మనలో చాలామంది భావిస్తుంటాం. "నేను అబద్ధమేమీ చెప్పలేదు, అతనే చూసుకుని కొనుక్కున్నాడు" అనే మాట బజారులో నిత్యం వినబడుతూనే ఉంటుంది. ఈ సమర్థన అల్లాహ్ సన్నిధిలో నిలుస్తుందా? ఒక చిన్న వస్తువును ఉదాహరణగా తీసుకుని ఆలోచిద్దాం.

ఒక ఇంటి పెద్ద చనిపోయాడనుకుందాం. ఆయన బీరువాలో పాత స్విస్ బంగారు వాచీ ఒకటి దొరికింది. ఎవరో కానుకగా ఇచ్చినది. పురుషులు బంగారం ధరించడం నిషిద్ధం గనుక ఆయన దాన్ని చేతికి పెట్టుకోకుండా దాచి ఉంచాడు. కొడుకు కూడా పెట్టుకోలేడు. కాబట్టి దాన్ని అమ్మి, వచ్చిన పైకాన్ని వారసులు పంచుకోవాలి. అప్పుడు రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. కొనేవానికి ఏమి చెప్పాలి? వాటాదారులైన తల్లికి, అక్కచెల్లెళ్లకు ఏమి చెప్పాలి?

వాచీ పలికే సాక్ష్యాలు

ముందు ఆ వస్తువు ఏమిటో తెలుసుకోవాలి. పాత వాచీ తన వయసును తానే చెబుతుంది. అయితే ఒక్క సాక్షి మాట చాలదు, సాక్షులందరి మాటా కలవాలి.

మొదటి సాక్షి కేసు వెనుక మూత లోపలి ముద్ర. స్విట్జర్లాండులో 1880లో చేసిన చట్టం ప్రకారం బంగారు కేసులను పరీక్షించి ముద్ర వేసేవారు. 18 క్యారెట్లకు హెల్వీషియా అనే స్త్రీ తల, 14 క్యారెట్లకు ఉడుత బొమ్మ. 1995 నుంచి వీటి స్థానంలో సెయింట్ బెర్నార్డ్ కుక్క తల వచ్చింది. మన నగల మీద 916 ఉన్నట్లే అక్కడ 18 క్యారెట్లకు 750, 14 క్యారెట్లకు 585 అంకెలుంటాయి. 18 క్యారెట్ల కేసు 12 గ్రాములు తూగితే అందులో మేలిమి బంగారం 9 గ్రాములన్న మాట. అదే మూత మీద 'మైక్రాన్లు' అన్న మాట కనబడితే అది పైపూత మాత్రమే. వెనుక మూత స్టీలుదైనా అనుమానించవలసిందే.

రెండో సాక్షి లోపలి మిషన్ మీది వరుస సంఖ్య. ఉదాహరణకు ఒమేగా వాచీల్లో 1 కోటి దాటిన సంఖ్య సుమారు 1944ను, 1 కోటి 20 లక్షల సంఖ్య సుమారు 1950ని సూచిస్తాయి.

మూడో సాక్షి డయల్. పూర్వం ముళ్లూ అంకెలూ చీకట్లో వెలగడానికి రేడియం పూసేవారు. 1960ల నుంచి ట్రిటియం వాడకం వచ్చింది. అది వాడినట్లు తెలపడానికి డయల్ అడుగున 'స్విస్' అనే మాటకు అటూ ఇటూ 'టి' అక్షరం వేసేవారు. మిషన్ 1950 నాటిదై, డయల్ మీద ఆ 'టి' ఉంటే ఆ డయల్ తరువాత మార్చినదే.

అమ్మేవాని మౌనం

మన ఉదాహరణలోని వాచీ సరిగ్గా అలాంటిదే అనుకుందాం. బంగారం నిజం, మిషన్ నిజం, డయల్ మాత్రం తరువాతది. డయల్ మార్చడం పాపమేమీ కాదు. పాడైనదాన్ని బాగుచేయించుకోవడం ఎవరైనా చేసే పనే. కానీ పాత వాచీలు సేకరించేవారు అసలు డయల్‌కు ఎక్కువ వెల కడతారు. ఈ సంగతి కొడుకుకు తెలుసు. "ఇది 1950 నాటి వాచీ, 18 క్యారెట్ల బంగారం" అని మాత్రం చెప్పి ఊరుకున్నాడు. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. అయినా కొనేవాని మనసులో ఏర్పడిన నమ్మకం అబద్ధమే.

మాటలన్నీ నిజమై, మొత్తం అబద్ధం కావడం ఎలాగో తెలియాలంటే జెనీవాలో జరిగిన ఒక వేలాన్ని చూడండి. 2021 నవంబరులో అక్కడ 1957 నాటిదిగా చెప్పిన ఒక ఒమేగా స్టీలు వాచీ 31 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది. తమ మ్యూజియం కోసం దాన్ని కొన్నది ఒమేగా సంస్థే! అది వేర్వేరు వాచీల భాగాలు కూర్చి తయారుచేసినదనీ, ఆ భాగాల్లో చాలామటుకు అసలైన ఒమేగావేననీ, ఇందులో తమ మాజీ ఉద్యోగుల ప్రమేయం ఉందనీ 2023లో ఆ సంస్థే ప్రకటించింది. తయారుచేసినవారినే మోసగించిన ఆ వాచీలో భాగాలు చాలావరకు నిజమైనవే, వాటిని కలిపిన ఉద్దేశం మాత్రం నిజమైనది కాదు.

దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. లోపల తడి తగిలింది. వాన వల్ల తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. అతని మాట అబద్ధమని దైవప్రవక్త (స) అనలేదు. తడిసినదాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని నిలదీశారు. వాన అతని తప్పు కాదు, దాన్ని కిందికి దాచడమే తప్పు. వాచీ విషయంలోనూ అంతే. డయల్ మార్చడం తప్పు కాదు, మార్చిన సంగతి దాచడం తప్పు.

కొనేవాని మౌనం

ఇప్పుడు రెండో ప్రశ్నకు వద్దాం. ఇది మన ఇళ్లకు మరింత దగ్గరిది. కొడుకు వాచీని అమ్మకుండా తానే ఉంచుకుని, బంగారం తూకం లెక్కన వెలకట్టి అక్కచెల్లెళ్ల వాటా ఇచ్చేశాడనుకుందాం. తూకంలో గ్రాము కూడా తగ్గించలేదు. కానీ పాత స్విస్ వాచీగా అది అంతకు ఎన్నో రెట్లు పలుకుతుందని అతనికి తెలుసు, వారికి తెలియదు.

"నా తెలివికి, నా శ్రమకు విలువ లేదా?" అని అతను అడగవచ్చు. ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టివేయలేం. పాత వస్తువుల వర్తకుడు ఏళ్ల తరబడి నేర్చిన విద్యతోనే లాభం గడిస్తాడు, అది ధర్మసమ్మతమే. అయితే బేరానికి వచ్చిన వర్తకుడు వేరు, ఉమ్మడి ఆస్తిని చేతిలో ఉంచుకున్న సోదరుడు వేరు. ఇతని చేతిలోని వాచీ అమానతు. దాని గురించి అతనికి తెలిసినది కూడా ఆ అమానతులో భాగమే. పైగా బజారు ధర తెలియని బయటి వర్తకులకు ఊరి పొలిమేరలోనే ఎదురువెళ్లి సరుకు కొనడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. పరాయి బాటసారి తెలియనితనాన్నే వాడుకోకూడదంటే, తోడబుట్టినదాని తెలియనితనాన్ని వాడుకోవడం ఎలా సమ్మతమవుతుంది?

దివ్యఖుర్ఆన్‌లోని ముతఫ్ఫిఫీన్ సూరా తాము తీసుకునేటప్పుడు నిండుగా, ఇచ్చేటప్పుడు తక్కువగా కొలిచేవారిని హెచ్చరిస్తోంది. ఆ కొలమానం త్రాసు ఒక్కటే కాదు. అమ్మేటప్పుడు లోపం గురించీ, కొనేటప్పుడు విలువ గురించీ నోరు మెదపనివాడు కూడా రెండు రకాల త్రాసులు వాడుతున్నట్లే.

తెలియనిది తెలియదనడం

మరి ఆ కొడుకు ఏమి చెయ్యాలి? వాచీని నమ్మకమైన పనివాని చేత విప్పించి ముద్రనూ, సంఖ్యనూ, డయల్‌నూ చూపించాలి. తెలిసినదంతా కొనేవానికీ, వాటాదారులకూ ఒకే విధంగా చెప్పాలి. తేలనిదాన్ని తేలలేదనే చెప్పాలి. సంఖ్య ఇచ్చేది సుమారు సంవత్సరమే అయినప్పుడు దాన్ని కచ్చితమైనదిగా చెప్పడం కూడా హద్దు దాటడమే. ఇలా చేస్తే ధర తగ్గవచ్చు. కానీ నిజం పలికి, లోపం వెల్లడించినవారి బేరంలోనే శుభం ఉంటుందని దైవప్రవక్త (స) తెలియజేశారు.

సోదర సోదరీమణులారా! పాత వాచీ మూత ఎన్నేళ్లు మూసి ఉన్నా, విప్పితే లోపలి ముద్ర బయటపడుతుంది. మన హృదయాలు కూడా ఒకనాడు అలాగే విప్పి చూడబడతాయి. ఆనాడు మనం ఏమి మాట్లాడామన్నదే కాదు, తెలిసీ ఏమి దాచామన్నది కూడా ప్రశ్నించబడుతుంది. మన మాటనూ, మన మౌనాన్నీ నిజాయితీతో నింపే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.