దత్తశిశువు – దాసోహము

ప్రసాదమునకు వెల లేదు. భక్తుడు దానిని కన్నుల కద్దుకొని స్వీకరించును గాని, ఇది యెంత ఖరీదని అడుగడు. అయినను ఆ ప్రసాదము సిద్ధమగుటకు బియ్యము కావలెను, వంటచెరకు కావలెను, వండువారి శ్రమ కావలెను. వెల లేనిదంతయు వ్యయము లేనిది కాదు. ఈ భేదమును గ్రహింపనివారు దత్తత విషయమున రెండు విధములుగా పొరపడుచుందురు. కొందరు వ్యయమునకు భయపడి శిశువును ఒడిలోనికి తీసికొనుటకే వెనుదీయుదురు. మరికొందరు వ్యయము చేసితిమి గనుక శిశువు తమ సొత్తని భావింతురు.

సంతానము కొరకు అనేక సంవత్సరములు వైద్యశాలల చుట్టు తిరిగిన దంపతులకు, దత్తత తలంపు కలుగునాటికి చేతిలో మిగులునది తరచుగా స్వల్పమే. కూడబెట్టినది మందులకు, పరీక్షలకు, ప్రయాణములకు కరగిపోయియుండును. కొందరి నగలు తాకట్టులో నుండును. అట్టి సమయమున బంధువులు వచ్చి, "పరాయి బిడ్డను పెంచుటకు మీకింకేమి మిగిలినది?" అని అడుగుదురు. ఆ ఒక్క ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నవి. ఒకటి 'పరాయి' అను మాటను గూర్చినది; రెండవది ధనమును గూర్చినది.

మొదటిదానికి వీరశైవము ఏనాడో సమాధానము చెప్పినది. లింగధారణము పొందినవాడు శివుని బిడ్డయే గాని, ఏ గర్భమున పుట్టెనను విచారణకు అచట తావు లేదు. జననసూతకమునే పాటింపని మతమున జన్మమును బట్టి బిడ్డను వేరుచేయుట యెట్లు పొసగును? పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున బెజ్జమహాదేవి కథను చెప్పెను. శివునకు తల్లి లేదని తలచి ఆమె కడుపు తరుగుకొనిపోయెను. తల్లియే యున్నచో విషము త్రాగనిచ్చునా, శ్మశానమున తిరుగనిచ్చునా యని వగచి, తానే ఆయనకు తల్లియయ్యెను. నలుగుపెట్టి నీరుపోసెను, పాలు పట్టెను, లాలించెను. శివుడు ఆమెను పరీక్షింపనెంచి అస్వస్థుడైన పసివానివలె ఆహారము ముట్టకుండగా, తన ప్రాణమునే విడువ సిద్ధపడెను. జగత్తునకు తండ్రియైనవానికే తల్లి కాగలిగిన ఆ భక్తురాలికి కన్నపేగు అవసరము కాలేదు. తల్లి లేని శిశువునకు తల్లి కావలెనను తపన చాలెను.

రెండవ ప్రశ్న ధనమును గూర్చినది. దీనిని భావోద్వేగముతో దాటవేయరాదు. ఏది వెలయో, ఏది వ్యయమో ధర్మముతో పాటు చట్టము కూడ విడదీసి చూపుచున్నది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టము తాను వర్తించువారిలో వీరశైవులను, లింగాయతులను పేరుపెట్టి పేర్కొన్నది. దత్తతకు ప్రతిఫలముగా ధనము నిచ్చుటను గాని పుచ్చుకొనుటను గాని అది నిషేధించినది. బిడ్డను యథార్థముగా ఇచ్చి పుచ్చుకొనుట ముఖ్యమనియు, దత్తహోమము తప్పనిసరి కాదనియు అదియే చెప్పినది. కావున బంధువుల బిడ్డను స్వీకరించువారు ఆర్భాటపు కర్మకాండకై అప్పు చేయనక్కరలేదు.

అనాథలైన, విడువబడిన శిశువుల దత్తత 2015 నాటి బాలల న్యాయచట్టము ననుసరించి, కేంద్ర దత్తత సంస్థయైన 'కారా' ద్వారా జరుగవలెను. 2022 సెప్టెంబరు 1వ తేదీ నుండి దత్తత ఉత్తర్వు నిచ్చు అధికారము న్యాయస్థానములనుండి జిల్లా మేజిస్ట్రేటునకు వచ్చినది. 2017 నాటి నియమావళిలో గృహపరిశీలనకు 6,000 రూపాయలు, శిశుసంరక్షణ నిధికి 40,000, తరువాత జరుగు నాలుగు పరామర్శలకు ఒక్కొక్కదానికి 2,000 చొప్పున, మొత్తము 54,000 రూపాయలు స్వదేశీయులకు నిర్ణయింపబడినది. 2022లో నూతన నియమావళి వచ్చినది గనుక, చెల్లించునాటి రుసుమును జిల్లా బాలల సంరక్షణ కార్యాలయమున తెలిసికొనవలెను. ప్రతి చెల్లింపునకు రసీదు పుచ్చుకొనవలెను. ఈ సొమ్ము బిడ్డకు వెల కాదు. ఇంతవరకు ఆ బిడ్డకు పాలుపట్టిన చేతులకు, ఇంకను అచట మిగిలియున్న బిడ్డలకు చేరు వంతు అది.

అయితే నిరీక్షణము దీర్ఘమైనపుడు దళారి తలుపు తట్టును. "రెండు లక్షలిండు, రేపే బిడ్డ" అనును. అలసిన దంపతులకు ఆ మాట అమృతమువలె తోచవచ్చును. కాని బిడ్డను కొనుట, అమ్ముట 2015 చట్టము ప్రకారము ఐదేండ్ల వరకు కఠిన కారాగారవాసమునకు, లక్ష రూపాయల జరిమానాకు తగిన నేరము. అంతకు మించిన హాని వేరొకటి కలదు. ఏదో ఒకనాడు నిజము బయటపడి, ఆ శిశువును పెంచినవారి ఒడినుండి తీసికొనిపోవచ్చును. ఒకమారు తల్లిని కోల్పోయిన బిడ్డ రెండవమారు కోల్పోవును.

నిరీక్షించు కాలము వ్యర్థము కాదు. అది సిద్ధపడుటకు లభించిన గడువు. నెలనెలకు కొంత చీటీ కట్టినను, తాకట్టు వస్తువు నొకదానిని విడిపించినను మేలే. మొదటి సంవత్సరపు పాలకు, బట్టలకు, మందులకు ఎంత కావలెనో కాగితముపై వ్రాసికొనవలెను. టీకాలు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో ఉచితముగా వేయుదురు. చాలమంది లెక్కింప మరచునది వేరొకటి: దంపతులలో ఒకరి కాయకము కొన్ని నెలలు ఆగిపోవును. మగ్గము మీద గాని, అంగడిలో గాని ఇద్దరు సంపాదించు ఇంట ఒకరి రాబడి నిలిచిపోవును. శిశుగృహమునుండి వచ్చిన బిడ్డకు క్రొత్త చేతులు, క్రొత్త కంఠములు అలవడువరకు ఒకరు దగ్గర నుండక తప్పదు. ఆ నెలల తిండికి ముందుగా దాచినదే నిజమైన ఉయ్యాల.

ఆయ్దక్కి మారయ్య కల్యాణమున నేలరాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చి, దానితో జంగమ దాసోహము చేసెడివాడు. ఒకనాడతడు నిత్యముకంటె ఎక్కువ బియ్యము తేగా, అతని పత్ని లక్కమ్మ ఆ అధికము మనది కాదని వెనుకకు పంపెను. ఆ యింట దాసోహము కొరతపడలేదు. అత్యాశ మాత్రము గడప దాటలేదు. దత్తశిశువు వచ్చిన ఇంటికి ఈ కథ మిక్కిలి అవసరము. వడ్డీకి తెచ్చి వందలమందికి బారసాల విందు చేయు తల్లిదండ్రులు ఎవరి నోరు మూయింపగోరుచున్నారు? విందు తినినవారు వెళ్లిపోవుదురు. వడ్డీ మాత్రము బిడ్డ పాలగిన్నెలో వాటా అడుగుచు మిగిలియుండును.

ఇచట సమాజమునకును కర్తవ్యము కలదు. చూడవచ్చువారు వెండిగిన్నెకు బదులు ఒక నెల పాలఖర్చు నిచ్చిన అది దాసోహమగును. ఇంటిలో పెద్దదిక్కు లేని దంపతులకు ఒక పెద్దమ్మ వచ్చి పదినాళ్లు తోడుండి, బిడ్డకు నీళ్లు పోయుట నేర్పిన అదియు దాసోహమే. ఇచ్చువాడు 'నేనిచ్చితిని' అనుకొనరాదు, పుచ్చుకొనువాడు సిగ్గుపడరాదు. బసవేశ్వరుడు నేర్పిన దాసోహభావమున ఇచ్చుటకును పుచ్చుకొనుటకును నడుమ నిలుచువాడు సంగమనాథుడు.

తుదకు లెక్క పుస్తకమును గూర్చి ఒక మాట. ఖర్చు వ్రాసికొనుట గృహస్థునకు మంచి అలవాటు. కాని ఆ పుస్తకమును ఏనాడును బిడ్డ యెదుట తెరువరాదు. దత్తత విషయమును చిన్ననాటనే ప్రేమతో తెలుపవలెను. దత్తతకైన ఖర్చును మాత్రము కోపములోనైనను తెలుపరాదు. "నీకై ఇంత పోసితిమి" అను మాట ఒక్కసారి పెదవి దాటినచో, ఆ బిడ్డ బిడ్డగా నుండక బాకీదారుగా మారును. వృద్ధాప్యమున చూచునని లెక్కవేసి పెంచుట సయితము వడ్డీవ్యాపారమే.

జంగమునకు వడ్డించిన అన్నమును భక్తుడు మరల అడుగడు. చిట్టి లింగమూర్తిగా ఇల్లు చేరిన శిశువునకు పెట్టినదియు అట్టిదే. కాయకముతో సంపాదించి, శక్తికొలది వెచ్చించి, లెక్కను శివునకు అప్పగించిన ఇంట ఆ బిడ్డ ఋణము లేని నిద్ర పోవును. ఆ తల్లిదండ్రులును పోవుదురు.