సంతకం పెట్టినంత మాత్రాన

మొన్న వేసవిలో ఒక ఆదివారం వాటర్‌ఫోర్డ్‌లోని మా తెలుగు కుటుంబాలు నాలుగైదు కలిసి ట్రామోర్ సముద్రతీరానికి వెళ్ళాము. పిల్లలు ఇసుకలో ఆడుకుంటున్నారు. పెద్దలం పులిహోర పొట్లాలు విప్పుకొని కూర్చున్నాము. మాటలు ఎక్కడెక్కడికో పోయి చివరికి టైటన్ ప్రమాదం దగ్గర ఆగాయి. టైటానిక్ ఓడ శిథిలాలను చూపిస్తామని మనుషులను సముద్రగర్భానికి తీసుకొనిపోయిన ఆ చిన్న జలాంతర్గామి 2023 జూన్ 18న నీటి ఒత్తిడికి నలిగిపోవడమూ, లోపలి అయిదుగురూ చనిపోవడమూ అందరికీ తెలిసిన సంగతే.

"వాళ్ళేమీ పసిపిల్లలు కారు కదండీ!" అన్నారు మాలో ఒక ఇంజనీరు మిత్రుడు. "చదువుకున్నవాళ్ళు, డబ్బున్నవాళ్ళు. చావు రావచ్చునని రాసిన కాగితం మీదనే సంతకం పెట్టారు. ప్రాణం వాళ్ళది, డబ్బు వాళ్ళది, సరదా వాళ్ళది. మధ్యన మనకెందుకు బాధ?"

వారి శ్రీమతి వెంటనే అందుకొని, "ఆ అయిదుగురి కోసం దేశదేశాల ఓడలూ విమానాలూ వెతికాయి. అదే వారంలో గ్రీసు దగ్గర పడవ మునిగి వందల మంది పేదవాళ్ళు పోతే ఎవరికి పట్టింది?" అన్నారు.

ఈ రెండు మాటలకూ అప్పుడు మేము సరైన జవాబు చెప్పలేకపోయాము. తరువాత ఆలోచించగా తోచినదాన్ని ఇక్కడ రాస్తున్నాము. ఆ దంపతులు కూడా చదివి, కాదనిపిస్తే కాదని చెప్పాలని మా కోరిక.

ముందుగా అసలు జరిగిందేమిటో చూద్దాము. సముద్రంలో 10 మీటర్లు దిగినప్పుడల్లా దాదాపు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. టైటానిక్ పడివున్నది సుమారు 3,800 మీటర్ల లోతున. అక్కడ చిటికెనవేలి గోరంత మేర మీద దరిదాపు 390 కిలోల బరువు నొక్కుతూ వుంటుంది. అంత లోతుకు దిగే వాహనాల్లో మనుషులు కూర్చునే గదిని మామూలుగా ఉక్కుతోనో టైటానియంతోనో గోళంగా చేస్తారు. గోళమైతే ఒత్తిడి అన్ని వైపులా సమంగా పంచుకుంటుంది. టైటన్‌ను అలా చేయలేదు. కార్బన్ ఫైబర్‌ను పీపాలాగా చుట్టి, రెండు చివరలా టైటానియం మూతలు బిగించారు. ఆ ఫైబరు పొరలు పొరలుగా వుంటుంది. పొరలు లోలోపల విడిపోతే పైకంటికి కనిపించదు.

ఓడనైనా జలాంతర్గామినైనా కట్టినవారు కాక బయటివారు పరీక్షించి యోగ్యతా పత్రం ఇచ్చే పద్ధతి ఎంతో కాలంగా వుంది. లాయిడ్స్ రిజిస్టర్, అమెరికన్ బ్యూరో ఆఫ్ షిప్పింగ్ వంటి సంస్థలు చేసే పని అది. టైటన్ యజమానులు ఆ పరీక్షకు నిలబడలేదు. ఆ పద్ధతి కొత్త ఆలోచనలకు అడ్డమని వారి వాదన. 2018లోనే ఆ కంపెనీ ఉద్యోగి ఒకరు ఇది క్షేమం కాదని రాసి ఇచ్చి ఉద్యోగం పోగొట్టుకున్నారు. అదే ఏడు ఆ విద్యలో ఆరితేరినవారు పలువురు తమ ఆందోళనను ఉత్తరంగా రాశారు. 2022 జూలైలో ఒక యాత్ర ముగించి పైకి వస్తూండగా పెద్ద చప్పుడు వినిపించింది. అయినా మళ్ళీ దించారు. 2025 ఆగస్టులో వెలువడిన అమెరికా కోస్ట్ గార్డ్ విచారణ నివేదిక, ఇది నివారించదగిన ప్రమాదమేనని తేల్చింది.

ఇక సంతకం సంగతి. తలకు రెండున్నర లక్షల డాలర్లు తీసుకొని కూడా ఆ కంపెనీవారు తమ యాత్రికులను ప్రయాణికులు అనలేదు, "మిషన్ స్పెషలిస్టులు" అన్నారు. ఏ సంస్థా దీన్ని ఆమోదించలేదనీ, మరణం సంభవించవచ్చుననీ కాగితంలో రాశారు. మా మిత్రుడు అన్నట్టు దాచలేదు. కాని చావు రావచ్చునని తెలియడం వేరు, ఎందువల్ల రావచ్చునో తెలియడం వేరు. పడవ నీటిలోకి దిగితే చావు రావచ్చునని ఎవరికి తెలియదు? ఫలానా పొర విడిపోయి వుండవచ్చునన్న సంగతి మాత్రం ప్రయాణికుడు తనంతట తాను కనిపెట్టగలిగినది కాదు. చచ్చిపోయినవారిలో పందొమ్మిదేళ్ళ కుర్రవాడు ఒకడు, తండ్రితో కలిసి వచ్చినవాడు. అతను సంతకం పెట్టినప్పుడు దేన్ని తూచి పెట్టివుంటాడు? ఎదురుగా వున్న పెద్దల ముఖాల్లోని ధైర్యాన్నే కదా!

వైద్యులం కనుక ఈ సంతకాల సంగతి మాకు కొంచెం తెలుసు. ఆంధ్రదేశంలో హౌస్ సర్జన్సీ చేసే రోజుల్లో ఒక రాత్రి ఒక రైతు తన కొడుకును ఎడ్లబండి మీద నుంచి పడ్డాడని ఆసుపత్రికి తీసుకొచ్చాడు. వెంటనే ఆపరేషన్ చేయాలి. సమ్మతి పత్రం మీద అతని వేలిముద్ర తీసుకోవలసిన పని మాది. అతను వేలికి సిరా అంటించుకొని, "ఇది వేస్తే పిల్లాడు బతుకుతాడా బాబూ?" అని అడిగాడు. మేము నిద్ర లేక, పని తెమలక, "ముందు వెయ్యవయ్యా, తరువాత మాట్లాడుదాం" అన్నాము. వేశాడు. కుర్రవాడు బతికాడు. ఆ తండ్రి మాకు దండం పెట్టి వెళ్ళాడు. చట్టం ప్రకారం మా కాగితం సవ్యంగానే వుంది. కాని ఆ ప్రశ్నకు జవాబు మేము ఇవ్వలేదు, ఇప్పటికీ బాకీయే. పిల్లవాడు బతికాడు కనుక మేము చేసింది మంచిదైపోదు. టైటన్ కూడా 2021, 2022 సంవత్సరాల్లో పలుమార్లు క్షేమంగా దిగి వచ్చింది. క్షేమంగా వచ్చినందువల్లనే దానిలోని లోపం మంచితనమనిపించుకుంది.

సమ్మతి పత్రం వైద్యుడికి ఒక్క అధికారమే ఇస్తుంది. తనకు తెలిసినంతలో మంచి పద్ధతిని, తనకు చేతనైనంత జాగ్రత్తతో చేయడానికి. రోగి సంతకం పెట్టాడు కదా అని తుప్పు పట్టిన కత్తితో కోయడానికి కాదు. సంతకం పెట్టినవాడు ప్రమాదాన్ని ఒప్పుకున్నాడేమో గాని, ఎదుటివాడి అశ్రద్ధను ఒప్పుకోలేదు.

ఇదేదో డబ్బున్న దొరల సంగతి అనుకోవద్దు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయిన లాంచీ ఒకటి దేవీపట్నం దగ్గర కచ్చులూరు వద్ద వరద గోదావరిలో బోల్తాపడి దాదాపు యాభై మంది చనిపోయారు. వాళ్ళు లక్షల డాలర్లు ఇచ్చినవారు కారు, ఏ పత్రం మీదా సంతకం పెట్టినవారు కారు. టిక్కెట్టు కొనుక్కొని, సరంగును నమ్మి ఎక్కారు. ఆనాటి వరదలో లాంచీ కదలవచ్చునా లేదా అన్నది ప్రయాణికుడు తేల్చుకోవలసిన ప్రశ్నా? సరంగు మీది నమ్మకమే అక్కడ సంతకం. కోటీశ్వరుడైనా కూలివాడైనా, ఒకసారి తలుపు మూసిన తరువాత మనిషి ప్రాణం ఆ వాహనాన్ని నడిపేవాడి చేతిలో వుంటుంది. అందువల్ల తీసుకొనిపోయేవాడి బాధ్యత ఎక్కేవాడి సంతకంతో తీరదు.

మరి జాగ్రత్తపడినవారికి ప్రమాదాలు జరగవా అంటే, జరుగుతాయి. దానికి ఈ ఐర్లండు సముద్రమే సాక్షి. 1973 ఆగస్టు 29న ఇక్కడికి నైరుతి దిశగా దాదాపు 150 మైళ్ళ దూరంలో అట్లాంటిక్ టెలిఫోన్ కేబుల్ పనిలో వున్న పైసీస్ 3 అనే జలాంతర్గామి, ఓడ మీదికి చేర్చే సమయంలో వెనక భాగంలోకి నీరు చొరబడి 1,575 అడుగుల లోతుకు మునిగిపోయింది. లోపల రోజర్ చాప్‌మన్, రోజర్ మాలిన్‌సన్ అనే ఇద్దరు. ఆరడుగుల గోళం, చీకటి, చలి. తినడానికి ఒక శాండ్‌విచ్, తాగడానికి ఒక డబ్బా నిమ్మరసం. మాట్లాడితే ప్రాణవాయువు ఖర్చవుతుందని మాటలు తగ్గించి కదలకుండా పడుకున్నారు. ఓడ కార్క్ రేవుకు వెళ్ళి, అదే జాతి జలాంతర్గాములు రెండింటిని ఎక్కించుకొని వచ్చింది. అమెరికా నౌకాదళం తన నీటి అడుగు యంత్రాన్ని కాలిఫోర్నియా నుంచి పంపింది. 76 గంటల తరువాత, సెప్టెంబరు 1న, ఇద్దరినీ ప్రాణాలతో పైకి తీశారు. అప్పటికి పన్నెండు నిమిషాలకు సరిపడే ప్రాణవాయువే మిగిలింది.

అదృష్టం లేకపోలేదు. కాని అదృష్టం పనిచేయడానికి ముందు మనుషులు చేసిపెట్టిన పనులు కొన్ని వున్నాయి. గోళం ఒత్తిడికి నిలిచింది. మూడు రోజులకు సరిపడే ప్రాణవాయువు ముందే నింపివుంది. ఆ లోతుకు దిగగల తోటి వాహనాలు రెండు వున్నాయి. చాప్‌మన్ ఆ తరువాత నీటి అడుగున చిక్కుకున్నవారిని రక్షించే కంపెనీ ఒకటి పెట్టాడు. పైసీస్ 3 మునిగిందీ ప్రమాదంవల్లనే. అయితే అక్కడ ప్రమాదం వస్తుందని ముందే ఒప్పుకొని సిద్ధపడినవారు వున్నారు. టైటన్ విషయంలో, ప్రమాదం వస్తుందని ఒప్పుకోవలసిన పనిని ప్రయాణికుడి సంతకానికి అప్పగించారు.

ఇక ప్రాణం వాళ్ళది కదా అన్న మాట. ఆ ఆదివారం మేము కూర్చున్న ట్రామోర్ తీరంలోనే 1999 జూలై 2 అర్ధరాత్రి దాటిన తరువాత ఒక హెలికాప్టర్ ఇసుకదిబ్బలకు కొట్టుకొని కూలిపోయింది. పొగమంచులో దారి తప్పిన చిన్న పడవ కోసం వెతికి వాటర్‌ఫోర్డ్ విమానాశ్రయానికి తిరిగి వస్తున్న ఐరిష్ సైనికులు నలుగురు అందులో చనిపోయారు. పడవలోని వారు క్షేమంగా ఒడ్డు చేరారు. వారిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. పొగమంచు ఎవరినైనా కమ్ముతుంది. కాని సముద్రం మీద పోయే ప్రాణం పూర్తిగా సొంతది కాదన్నది ఆ నలుగురి వల్ల తెలుస్తున్నది. మనం మునిగితే ఎవరో ఒకరు వస్తారు. రావద్దని మనం రాసి సంతకం పెట్టినా వస్తారు. రాకుండా వుండలేని మనుషులు ఈ లోకంలో వున్నందుకు సంతోషించాలి. అందుకే వారి ప్రాణం కూడా మన లెక్కలో వేసుకోవాలి.

ఆ సోదరి అడిగినదానికీ మా జవాబు ఇక్కడే వుంది. ఆ అయిదుగురిని వెతకడం తప్పు కాదు. గ్రీసు సముద్రంలోని వందల మంది కోసం ముందే అంత ఆరాటపడకపోవడం తప్పు. మునుగుతున్నవాడి జేబు తడిమి చూసి చేయి అందించడం ఏ ధర్మమూ కాదు.

సాహసం మానుకోమని మేము చెప్పడం లేదు. ఇల్లూ వాకిలీ వదిలి సముద్రాలు దాటి వచ్చినవాళ్ళం, ఆ మాట చెప్పే అర్హత మనకు లేదు. మన పిల్లలు ఇక్కడ పుట్టి పెరుగుతున్నారు. పడవలెక్కుతారు, కొండలెక్కుతారు, రేపు సముద్రగర్భానికీ దిగుతారు. వారికి మూడు ప్రశ్నలు నేర్పితే చాలుననుకుంటాము. దీన్ని కట్టినవాడు కాక మరెవరు పరీక్షించారు? ఈ రోజు దీనిలో ఏది సరిగా లేదు? ఏమైనా అయితే మన కోసం ఎవరు రావాలి, దేనిలో రావాలి? ఈ ప్రశ్నలకు విసుక్కున్నవాడి వాహనం ఎక్కనక్కరలేదు. టిక్కెట్టు డబ్బు పోయినా ఒడ్డునుంచే తిరిగి రావడం పిరికితనం కాదని కూడా చెప్పాలి. ఆ మాట పెద్దవాళ్ళు చెబితేనే పిల్లలకు ధైర్యం.

సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు పిల్లలు కొండ కొమ్మున వున్న మెటల్ మ్యాన్ స్తంభాలను చూపించి, అవేమిటని అడిగారు. 1816 జనవరి 30న సీ హార్స్ అనే ఓడ ఈ అఖాతంలో పగిలి మూడువందల అరవై మందికి పైగా చనిపోయారనీ, మరొక ఓడ ఇటు రాకుండా హెచ్చరికగా వాటిని నిలబెట్టారనీ చెప్పాము. "ముందే ఎందుకు పెట్టలేదు?" అని అడిగింది మా ఇంజనీరు మిత్రుడి చిన్నమ్మాయి. ఆయన మావైపు చూశారు. మేమూ ఏమీ అనలేదు.