శిలకు కాపరి ఎవరు?

వారసత్వమనగానే సంపద స్ఫురించడం లోకసహజం. తండ్రి విడిచిన పొలం కొడుకుకు సంక్రమించినట్లే, పూర్వులు కట్టిన ఆలయాలు తరువాతి తరాలకు సంక్రమిస్తాయని చెప్పుకొంటారు. సంపదకు యజమాని ఉంటాడు. అతనికి దానిని అనుభవించే హక్కూ ఉంటుంది. వారసత్వం కూడా అటువంటిదేనా? ఆర్మేనియాలోని ఒక కొండపల్లె ఈ ప్రశ్నను సూటిగా ముందుంచుతుంది.

ఆ దేశపు ఉత్తరభాగాన, లోరి ప్రాంతంలో, దెబెద్ నది లోతుగా కోసుకొనిపోయిన లోయకు ఎగువన హఘ్‌పత్ గ్రామం ఉన్నది. పదవ శతాబ్దంలో మూడవ అషోత్ రాజు పత్ని ఖొస్రొవనుష్ అక్కడ ఒక మఠాన్ని నెలకొల్పింది. ప్రధానాలయ నిర్మాణం 991లో పూర్తి అయినది. గ్రంథశాల నేలలో పాతిన పెద్ద మట్టి బానలు నేటికీ కనిపిస్తాయి. శత్రుసైన్యాలు వచ్చినపుడు వ్రాతప్రతులను వాటిలో దాచేవారని చెబుతారు. 1996లో యునెస్కో ఈ మఠాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అంటే హఘ్‌పత్ మానవజాతి అంతటిదీ అయినది.

అయితే ఆ శిలలు మానవజాతిని కోరేది ఏమిటి? మఠంలో 1273 నాటి ఒక ప్రసిద్ధ ఖచ్‌కార్, అనగా సిలువ చెక్కిన నిలువురాయి, ఉన్నది. ఆర్మేనియా అంతటా ఇటువంటి రాళ్లు వేలకొలది ఉన్నవి. వాటిలో అనేకం మీది శాసనాలు, చూసినవారు తమ ప్రార్థనలో ఫలానివారిని స్మరించవలసినదని వేడుకొంటాయి. శిల్పి పనితనాన్ని మెచ్చుకొమ్మని అవి అడగవు. చూడవచ్చినవానిపై ఒక కర్తవ్యం మోపుతాయి.

దీనికొక ఆక్షేపణ చెప్పవచ్చును. రాయి కదలదు, మాట కదులుతుంది. ఆర్మేనియన్ భాషలో తొలి పత్రిక 1794లో వెలువడినది స్వదేశంలో కాదు, దూరాన ఉన్న మద్రాసు నగరంలో. ఆర్మేనియన్, జార్జియన్, అజర్‌బైజానీ భాషలలో పాటలు కట్టిన సయాత్ నోవా హఘ్‌పత్ మఠంలో సన్యాసిగా జీవించి, 1795లో తిఫ్లిస్ నగరం పారశీక సైన్యం వశమైనప్పుడు హతుడయ్యాడు. పాటలు మాత్రం నిలిచినవి. జాతి ఎక్కడికి వెళ్లినా తన వారసత్వాన్ని వెంట తీసుకొనిపోగలిగినప్పుడు, పల్లె ఖాళీ అయితే నష్టమేమి?

ఈ వాదంలో సత్యమున్నది గాని, సగమే. పాటను నిలిపినవాడు దానిని పాడినవాడు. గోడను నిలిపేవాడు దాని ప్రక్కన నివసించేవాడు. కప్పుమీద మొలిచిన మొక్కను వేరుతో పెరికేదీ, మంచు కరిగి నీరు కారే చోటును ముందుగా గమనించేదీ అతడే. బ్రతుకుతెరువు లేక ఆర్మేనియా పల్లెల యువకులు రష్యాకూ ఇతర దేశాలకూ వలసపోవడం తెలిసిన విషయమే. లోకం శిలను తనదన్నది. శిల చెంత జీవించే మనిషి కష్టాన్ని మాత్రం అతనిదిగానే వదలివేసినది. కీర్తి అందరిదీ, కసవు ఊడ్చే పని ఒక్కనిదీ అయినప్పుడు ఆ పంపకం న్యాయం కాదు.

కనుక వారసత్వాన్ని ఆస్తి అనడంకంటె ఋణమనడం యుక్తం. ఋణం తీర్చేవరకు అనుభవించే హక్కు సంపూర్ణం కాదు. హఘ్‌పత్ తమదని చెప్పుకొనేవారందరూ, ఆ కొండమీద ఒక కుటుంబం నిలబడి బ్రతకడానికి తామేమి చేస్తున్నారో కూడా చెప్పవలసి ఉంటుంది.