మయసభలో నవ్వినదెవరు? దుర్యోధనుని కథనం - ఒక నైతిక పరిశీలన

వ్యాసభారతం సభాపర్వంలో మయసభావృత్తాంతం రెండు నోళ్ల వినిపిస్తుంది. మొదట వైశంపాయనుడు చెబుతాడు. తరువాత దుర్యోధనుడే తండ్రికి చెప్పుకొంటాడు. ఈ రెండింటి మధ్య తేడా గమనించదగినది.

వైశంపాయనుని కథనంలో నవ్వినవారు సేవకులు, భీమార్జునులు, నకులసహదేవులు. ద్రౌపది ప్రస్తావన లేదు. దుర్యోధనుని కథనంలో కృష్ణుడూ, చెలికత్తెలతో కూడిన ద్రౌపదీ నవ్వినవారిలో చేరారు. తండ్రిని రెచ్చగొట్టడానికి కల్పించాడనడం తేలిక. కాని తల బండకు తగిలినప్పుడు నకులసహదేవులు జాలిపడి తనను పట్టుకొన్నారని చెప్పినవాడూ అతడే. కేవలం కల్పనే అయితే ఈ వివరానికి చోటుండదు.

రెండు కథనాలూ ఏకీభవించే అంశం ఒకటుంది. ధర్మరాజు ఆజ్ఞపై తడిసిన రాజుకు వేరే వస్త్రాలిచ్చారు. దుర్యోధనునికి అది నవ్వుకన్నా దుఃఖకరమైంది. నవ్వు అవమానమే, కాదనలేము. ఉపకారం కూడా అవమానమైనప్పుడు ఎదుటివారు ఏం చేసినా తప్పే అవుతుంది. ఎఱ్ఱన చెప్పిన ఘోషయాత్రలోనూ ఇంతే: గంధర్వుల చెర నుండి పాండవులు విడిపించగా అతడు ప్రాయోపవేశానికి సిద్ధపడ్డాడు.

ఆరన్ బెక్ 1963లో విషాదగ్రస్తుల ఆలోచనల్లో గుర్తించిన దోషాల్లో ఆధారం లేని నిర్ణయం, ఒక్క అంశాన్నే ఏరుకోవడం ఉన్నాయి. ఆ పేర్లు ఇక్కడ అతికించడం వల్ల ఒరిగేది తక్కువ. (ప్రాచీన పాత్రలకు వైద్యపరీక్షలు చేసే వ్యాసాలు మనకిప్పటికే చాలినన్ని ఉన్నాయి.) అసలు ప్రశ్న వేరు: బాధ నిజమైనప్పుడు, ఆ బాధ చెప్పే కథను ఎంతవరకు నమ్మాలి?

ధృతరాష్ట్రుడు పాండవులను ద్వేషించవద్దని హితవు చెప్పి కూడా చివరకు ద్యూతానికి ఒప్పుకొన్నాడు. కొడుకు దుఃఖాన్ని ఓదార్చడం, కొడుకు తీర్పును అంగీకరించడం అతనికి ఒక్కటైపోయాయి. ఆ తీర్పు భారం నిండుసభలో ద్రౌపదిపై పడింది.

అలా ఆలోచించడం దుర్యోధనుని స్వభావమే అయితే అతనిది నేరమెలా అవుతుందన్న వాదం ఉంది. ఉద్యోగపర్వంలో, ఎంత సూక్ష్మంగా వెదికినా తనలో దోషం కనబడటం లేదని అతడు కృష్ణునితో అంటాడు. అది కపటమని నేననుకోను. అయితే భీష్మ, ద్రోణ, విదురులు ఆ సభలోనే మరో కథనం వినిపించారు. అతడు లేచి వెళ్లిపోయాడు. తొలి భావం అతని చేతిలో లేకపోవచ్చు, లేచి వెళ్లడం మాత్రం అతడు చేసిన పనే.

మనం వినేది కూడా అతని కథనమే. 1977 నాటి దానవీరశూరకర్ణ చిత్రంలో మయసభ ఘట్టం ద్రౌపది నవ్వు చుట్టూ తిరుగుతుంది. ఆమె నవ్వకపోతే యుద్ధమే లేదన్న మాట తరగతిగదుల్లోనూ వినబడుతుంది. భీముడు నవ్వకపోతే అని మాత్రం ఎవరూ అనరు.